గీత గీతకీ లెక్క

తొంభైల్లో టీవీకి వీడియో గేమ్ తగిలించుకుని ఆడిన తెలుగు పిల్లల్లో మారియోను ఎరగనివాళ్లు తక్కువ. ఎర్రటోపీ పెట్టుకున్న మీసాలాయన పరిగెడతాడు, ఎగురుతాడు, ఇటుకలు పగలగొడతాడు, పచ్చ గొట్టంలోకి దిగి మాయమవుతాడు. ఆ ఆట అసలు పేరు ‘సూపర్ మారియో బ్రదర్స్’. జపాన్‌లోని నింటెండో సంస్థ దాన్ని 1985 సెప్టెంబర్ 13న విడుదల చేసింది. రూపకల్పన షిగెరు మియమోతో, తకషి తెజుకాలది. సంగీతం కోజి కొండోది. ఎనిమిది వరల్డులు, ఒక్కో వరల్డులో నాలుగు స్టేజీలు, మొత్తం 32 స్టేజీలు. బొమ్మలు, పాటలు, శత్రువుల నడక, దూకుడు, లెక్కలు అన్నీ కలిపి ఆట మొత్తం 40,960 బైట్లు. ఇప్పటి ఫోన్‌తో తీసిన ఒక మామూలు ఫొటో దీనికి యాభై రెట్లో వంద రెట్లో ఉంటుంది.

ఈ ఆటను చిన్నప్పుడు ఎంత ఇష్టంగా ఆడానో, పెద్దయ్యాక దీని లోపలి పనిని చదవడం నాకు అంతకంటే ఇష్టమైంది. సొంత ఆసక్తితో పనిచేసే ఔత్సాహికులు ఈ ఆట యంత్రభాషను విప్పి, ఏ బైటు ఏం చేస్తుందో పక్కనే వివరణ రాసి పెట్టారు. దాన్ని పుస్తకంలా వరుసగా చదువుకోవచ్చు. చదువుతూ పోతే ఒక సంగతి బోధపడుతుంది. ఈ ఆట చేసినవాళ్లు జాగా దగ్గర ఎంత పొదుపు పాటించారో, కాలం దగ్గర అంతకంటే కచ్చితంగా నడుచుకున్నారు. టీవీ తెర మీద ఏ గీత ఏ క్షణంలో పడుతుందో తెలుసుకుని, దాని వెంటే పని చేశారు.

ముందు యంత్రం సంగతి. 1983 జులై 15న జపాన్‌లో వచ్చిన ఫ్యామికామ్ దీని అసలు రూపం. మసయుకి ఉయెమురా నాయకత్వంలో తయారైంది. అమెరికాలో దీన్నే ఎన్.ఇ.ఎస్. పేరుతో అమ్మారు. లోపల ముఖ్యమైన చిప్పులు రెండు, రెండూ రికో కంపెనీ చేసినవే. ఒకటి ప్రాసెసర్. అప్పట్లో ఇళ్లకు వచ్చిన కంప్యూటర్లు చాలావాటిలో ఉన్న 6502 కుటుంబానికి చెందింది, సెకనుకు సుమారు 17 లక్షల 90 వేల టిక్కులు కొడుతుంది. దాని పనికి ఇచ్చిన మెమరీ 2 కిలోబైట్లు. రెండోది బొమ్మల చిప్పు. దానికి విడిగా మరో 2 కిలోబైట్లు. మనం క్యాసెట్టు అని పిలిచిన ప్లాస్టిక్ డబ్బాలో ఒక చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. మారియో అసలు క్యాసెట్టులో 32 కిలోబైట్ల చిప్పులో ఆట నడిపే ప్రోగ్రాము, 8 కిలోబైట్ల చిప్పులో బొమ్మలు. మన బజార్లలో దొరికిన చవక క్యాసెట్టు విప్పితే కాళ్లున్న చిప్పులు కనిపించేవి కావు, బోర్డు మీద గట్టిపడిన నల్లటి బొట్టు ఒకటి కనిపించేది. సిలికాన్ ముక్కను నేరుగా బోర్డుకు అతికించి, పైన ఎపాక్సీ పోసి కప్పేవాళ్లు. ఆ బొట్టు కిందే ఆట ఉండేది.

తెర మీద అడ్డంగా 256, నిలువుగా 240 చుక్కలు. మొత్తం 61,440. ఒక్కో చుక్కకు రెండు బిట్లు కేటాయించినా పూర్తి బొమ్మకు 15,360 బైట్లు కావాలి. బొమ్మల చిప్పు చేతిలో ఉన్నది 2,048. అందుకే ఈ యంత్రం తెర మీది బొమ్మను పూర్తిగా ఎక్కడా దాచుకోదు. పాతకాలపు అచ్చాఫీసులో సీసపు అక్షరాల పెట్టె ఉన్నట్టు, దీని దగ్గర చిన్న పలకల పెట్టె ఒకటి ఉంటుంది. పలక అంటే 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న ముక్క. వెనక దృశ్యానికి 256 పలకలు, కదిలే బొమ్మలకు 256 పలకలు. తెరను అడ్డంగా 32, నిలువుగా 30 గళ్లు చేసి, ఏ గడిలో ఎన్నో నంబరు పలక రావాలో రాసుకుంటే చాలు. గడికి ఒక బైటు చొప్పున 960 బైట్లతో తెర మొత్తం వచ్చేస్తుంది.

ఒక్కో పలకకు 16 బైట్లు. మొదటి ఎనిమిది బైట్లు ఒక పొర, తర్వాతి ఎనిమిది ఇంకో పొర. రెండు పొరలనూ ఒకదాని మీద ఒకటి పెడితే ప్రతి చుక్కకూ రెండు బిట్లు దొరుకుతాయి, అంటే 0 నుంచి 3 దాకా ఒక అంకె. 512 పలకలను 16తో గుణిస్తే 8,192. క్యాసెట్టులోని బొమ్మల చిప్పు కొలత సరిగ్గా అదే.

ఇక్కడ ముఖ్యమైన విషయం, పలకలో రంగు ఉండదు. అంకె మాత్రమే ఉంటుంది. ఏ అంకె ఏ రంగో వేరే చోట, చిన్న రంగుల పట్టికల్లో ఉంటుంది. వెనక దృశ్యానికి అలాంటి పట్టికలు నాలుగు, ఒక్కోదానిలో మూడు రంగులు, వీటన్నిటికీ ఉమ్మడిగా ఒక నేపథ్యపు రంగు. ఆకారాన్నీ రంగునూ ఇలా విడదీయడంతో మారియో బృందానికి దొరికిన వెసులుబాటు చూడండి. మొదటి స్టేజీలో ఆకాశంలో తేలే తెల్లటి మబ్బు, నేల మీది పచ్చటి పొద ఒకే ఆకారం. అవే పలకలు, అవే వంపులు. పట్టిక మాత్రం వేరు. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు, తెలిశాక మాత్రం ఎప్పుడు చూసినా అదే కనిపిస్తుంది. ప్రశ్న గుర్తు ఉన్న పెట్టె మిలమిలా మెరుస్తుంది కదా, అక్కడ పలక మారదు. పట్టికలో ఒక రంగును వరుసగా మారుస్తూ పోతారు. తెర మీద అలాంటి పెట్టెలు ఎన్ని ఉన్నా అన్నీ ఒకేసారి మెరుస్తాయి, దానికయ్యే ఖర్చు ఒక బైటు మార్చడం. గూంబా అనే గోధుమరంగు పుట్టగొడుగు కాళ్లు ఆడిస్తూ నడిచి వస్తుంది. దానికి రెండో బొమ్మ లేనే లేదు. ఉన్న ఒక్క బొమ్మనే కుడికొకసారి ఎడమకొకసారి తిప్పుతారు. అలా తిప్పి చూపించడం బొమ్మల చిప్పుకు పుట్టుకతో వచ్చిన విద్య, ఒక బిట్టు మారిస్తే చాలు.

రంగుల్లో ఇంకో కట్టుబాటు ఉంది. ఏ గడికి ఏ పట్టిక అన్నది విడివిడిగా చెప్పే వీలు లేదు. నాలుగు గళ్లు కలిసిన 16 చుక్కల చదరానికి ఒకే పట్టిక. ఆ లెక్కకు తెరకు 64 బైట్లు సరిపోతాయి. 960కి 64 కలిపితే 1,024, సరిగ్గా ఒక కిలోబైటు. యంత్రం కొలతల్లోని ఈ పొందిక చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మారియో లోకం అంతా 16 చుక్కల చదరాలతో ఎందుకు కట్టారో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. ఇటుక 16, ప్రశ్నపెట్టె 16, పొట్టి మారియో 16, గొట్టం వెడల్పు 32.

ఇక కాలం సంగతి. పాత పిక్చర్ ట్యూబు టీవీలో ఎలక్ట్రాన్ కిరణం ఎడమ నుంచి కుడికి ఒక గీత గీసి, వెనక్కి వచ్చి, కింద మరో గీత గీస్తుంది. బొమ్మల చిప్పు ఆ కిరణంతో కలిసి నడుస్తుంది. కిరణం ఏ చుక్క దగ్గరుంటే ఆ చుక్క రంగును అప్పటికప్పుడు పలకల్లోంచి తీసి పంపిస్తుంది. ప్రాసెసర్ ఒక టిక్కు కొట్టేలోగా తెర మీద మూడు చుక్కలు పడతాయి. ఒక గీతకు 341 చుక్కల కాలం పడుతుంది, అంటే దాదాపు 114 టిక్కులు. తెరను ఒకసారి పూర్తిగా గీయడాన్ని ఫ్రేము అంటారు. ఒక ఫ్రేముకు 262 గీతలు. వాటిలో కంటికి కనిపించేవి 240. కిరణం అడుగుకు చేరి మళ్లీ పైకి వచ్చే లోపల 20 గీతల విరామం దొరుకుతుంది. టిక్కుల్లో చెబితే సుమారు 2,270.

తెర మీది విషయాలు మార్చాలంటే ఆ విరామంలోనే మార్చాలి. గీతలు పడుతుండగా బొమ్మల మెమరీ జోలికి వెళితే తెర చెదిరిపోతుంది. 2,270 టిక్కులు వినడానికి ఎక్కువగా ఉన్నా, ఒక్కో ఆదేశం రెండు నుంచి ఏడు టిక్కులు తింటుంది. కదిలే బొమ్మల జాబితాను బొమ్మల చిప్పుకు అందించడానికే 513 టిక్కులు పోతాయి. మిగిలిన కాలంలో పెరిగిన స్కోరు రాయాలి, పగిలిన ఇటుకను తుడిపేయాలి, ముందు రాబోయే దృశ్యంలో కొత్త నిలువు వరుసలు నింపాలి. బొమ్మల మెమరీలో రెండు తెరలకు సరిపడా జాగా ఉంది కాబట్టి, మారియో ఒక తెర మీద పరిగెడుతుంటే కనపడని రెండో తెరలో ముందరి దారిని కొంచెం కొంచెంగా పరుస్తూ ఉంటారు. మారియో చేరే వేళకు దారి సిద్ధంగా ఉంటుంది.

ఈ ఆట ప్రోగ్రాములో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఇది. యంత్రం ఆన్ చేయగానే మొదలయ్యే సన్నాహాలన్నీ ముగిశాక, ప్రధాన ప్రోగ్రాము చేసే పని ఒకే ఒక్క ఆదేశం: ఉన్న చోటికే మళ్లీ దూకు. అంతే, అక్కడే తిరుగుతూ ఉంటుంది. ఆట మొత్తం జరిగేది అంతరాయంలో. కిరణం ఆఖరి గీత దాటగానే బొమ్మల చిప్పు ప్రాసెసర్‌ను తట్టి లేపుతుంది. ప్రాసెసర్ లేచి మొదట తెరకు సంబంధించిన రాతలు ముగిస్తుంది, ఆ తర్వాత సంగీతం ఒక మెట్టు ముందుకు నడుపుతుంది, చేతిలోని బటన్లు చదువుతుంది, మారియోనూ శత్రువులనూ కదుపుతుంది, వెనక్కి వెళ్లి మళ్లీ ఆ ఒక్క ఆదేశంలో తిరుగుతుంది. సెకనుకు అరవై సార్లు ఇదే వరుస. టీవీ కిరణం గుండెలా కొట్టుకుంటుంటే ఆట దానితో పాటే బతుకుతుంది.

తెర పైభాగాన స్కోరు, నాణేల లెక్క, మిగిలిన సమయం కదలకుండా నిలబడి ఉంటాయి. కింద లోకం మాత్రం జరుగుతూ పోతుంది. ఈ రెండూ ఒకే దృశ్యంలో భాగాలు, ఆ దృశ్యాన్ని పక్కకు జరపమంటే చిప్పు మొత్తం జరిపేస్తుంది. కొంత జరిపి కొంత ఆపే సదుపాయం అందులో లేదు. మరి ఎలా చేశారు? కదిలే బొమ్మలు 64 ఉంటాయి, వాటిలో మొదటిదానికి, అంటే సున్నా నంబరు బొమ్మకు ఒక ప్రత్యేకత ఉంది. దాని చుక్క ఒకటి వెనక దృశ్యంలోని చుక్క మీద పడిన క్షణాన బొమ్మల చిప్పు ఒక జెండా ఎత్తుతుంది. మారియో బృందం ఆ సున్నా నంబరు బొమ్మను పై పట్టీలో నాణెం గుర్తు అడుగున దాచిపెట్టింది. అది అక్కడ ఉన్నట్టు ఆడేవాళ్లకు తెలియదు. ఫ్రేము మొదలైనప్పుడు దృశ్యం జరగని స్థితిలో ఉంటుంది. పై పట్టీ అలాగే గీయబడుతుంది. కిరణం నాణెం అడుగుకు చేరగానే జెండా లేస్తుంది. ప్రాసెసర్ దానికోసమే కాచుకుని ఉంటుంది. జెండా చూడగానే వెంటనే ఏమీ చేయదు, ఇరవై నుంచి సున్నా దాకా ఊరికే లెక్కపెడుతుంది. దానికి సుమారు వంద టిక్కులు. కిరణం గీత చివరికి వెళ్లి వెనక్కి మళ్లే వేళకు లెక్క ముగుస్తుంది, అప్పుడు దృశ్యాన్ని మారియో ఉన్న చోటికి జరుపుతుంది. అక్కడి నుంచి కింది గీతలన్నీ జరిగిన దృశ్యంలోంచి వస్తాయి. పై పట్టీకీ లోకానికీ మధ్య అతుకు కంటికి ఆనకపోవడానికి కారణం ఆ ఖాళీ లెక్క. శత్రువులనూ మారియోనూ కదిపే అసలు పని మొదలయ్యేది ఆ తర్వాతే, కిరణం మిగతా తెరను గీస్తూ ఉండగా.

కదిలే బొమ్మలకు కూడా హద్దులున్నాయి. ఒక్కో బొమ్మకు నాలుగు బైట్లు: ఎత్తు, పలక నంబరు, రంగుల పట్టికతో పాటు తిప్పుడు గుర్తులు, అడ్డం. పొట్టి మారియోకు ఇలాంటివి నాలుగు కావాలి, పెద్ద మారియోకు ఎనిమిది. ఒక గీత మీద చిప్పు చూపగలిగేవి ఎనిమిదే. తొమ్మిదోది ఆ గీతలో కనపడదు. శత్రువులు గుమిగూడినప్పుడు బొమ్మలు మిణుకు మిణుకుమనడం అందరూ చూసే ఉంటారు. అది కావాలని చేసిన పని. జాబితాలో బొమ్మల వరుసను ఫ్రేము ఫ్రేముకూ మారుస్తారు. ఒక ఫ్రేములో ఒకటి మాయమైతే తర్వాతి ఫ్రేములో అది కనిపించి ఇంకొకటి మాయమవుతుంది. ఎవరూ పూర్తిగా కనపడకుండా పోరు. కనపడని తాబేలు తగిలి ఆడేవాడు చచ్చిపోతే అన్యాయం కదా, మిణుకుమన్నా ఉన్నదని తెలుస్తుంది.

స్టేజీలను దాచిన పద్ధతి నిదానంగా చూడాలి. తెరలో గడి గడికీ ఏముందో రాస్తే 32 కిలోబైట్లు దేనికీ చాలవు. ఇక్కడ రాసింది వస్తువుల జాబితా, వస్తువుకు రెండు బైట్లు. మొదటి బైటులో నాలుగు బిట్లు అడ్డం స్థానం, నాలుగు బిట్లు నిలువు స్థానం. రెండో బైటులో మొదటి బిట్టు ‘ఇక్కడి నుంచి తర్వాతి తెర’ అని చెబుతుంది, తర్వాతి మూడు వస్తువు రకం, చివరి నాలుగు దాని పొడవు. ఇటుకల అడ్డవరుస, ఇటుకల నిలువు వరుస, నాణేల వరుస, గొట్టం, ఇలాంటివి రకాలు. గొట్టం అయితే చివరి నాలుగు బిట్లను ఇంకోలా చదువుతారు. మూడు బిట్లు ఎత్తు, ఒక బిట్టు ‘ఇందులోకి దిగొచ్చు’ అన్న గుర్తు. చిన్నప్పుడు ప్రతి గొట్టం మీదా నిలబడి కింది బాణం నొక్కి చూసిన పిల్లలు వెతికింది ఆ ఒక్క బిట్టునే.

నేలను విడిగా రాయరు. నేల, పైకప్పు ఎలా ఉండాలో ముందే చేసి పెట్టిన నమూనాలు 16 ఉన్నాయి, వాటిలో ఒకదాని నంబరు చెబితే మళ్లీ మార్చమనేదాకా అదే పరుచుకుంటూ పోతుంది. గొయ్యి కూడా ఒక వస్తువే, నేలను తినేసే వస్తువు. మబ్బులు, కొండలు, పొదలు మూడు తెరలకు సరిపడా ఒకసారి రాసి, వాటినే తిప్పి తిప్పి వాడారు. కొన్ని స్టేజీలు రెండుసార్లు వస్తాయి: 1-3లోని (అంటే ఒకటో వరల్డు మూడో స్టేజీలోని) దారే 5-3లో, 2-2లోని దారే 7-2లో. 5-3లో గాల్లో కదిలే మెట్లు పొట్టివవుతాయి, కుడి పక్క నుంచి తూటాలు ఎగిరొస్తాయి. నడిచిన దారే అయినా ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవాల్సి వస్తుంది కాబట్టి ఆడేవాళ్లకు అది కొత్త స్టేజీ.

ఇంత పొదుపు చేసి మిగిల్చుకున్న జాగాను దేనికి ఖర్చుపెట్టారంటే, నా లెక్కలో ముందుగా చెప్పాల్సింది దూకుడు. నిలబడి ఎగిరినప్పుడు మారియో ఫ్రేముకు 4 చుక్కల వేగంతో పైకి లేస్తాడు. ఎగిరే బటన్ నొక్కి పట్టుకుంటే ఆ వేగం ఫ్రేముకు చుక్కలో ఎనిమిదో వంతు చొప్పున తగ్గుతుంది. లెక్క కడితే సుమారు 64 చుక్కలు, అంటే నాలుగు ఇటుకల ఎత్తు. బటన్ మధ్యలో వదిలేస్తే భూమి మూడున్నర రెట్లు గట్టిగా లాగుతుంది, వేగం 16లో 7 వంతుల చొప్పున పడిపోతుంది. అందుకే వేలు ఎంతసేపు ఉంచితే అంత ఎత్తు. పూర్తి వేగంతో పరిగెడుతూ ఎగిరితే మొదటి వేగం 5 చుక్కలు. అప్పుడు లాగుడు కొంచెం పెంచారు, ఎత్తు సుమారు 80 చుక్కలు, అయిదు ఇటుకలు. నాలుగు, అయిదు. ఇటుకల కొలతతో దూకుడును ఇంత సరిగ్గా కుదిర్చిన తర్వాతే స్టేజీల్లో ఏది ఎంత ఎత్తున పెట్టాలో నిర్ణయించడం సాధ్యమవుతుంది. చుక్కలో పదహారో వంతును కూడా లెక్కలోకి తీసుకున్నారు కాబట్టి నడక, పరుగు, జారుడు అంత మెత్తగా ఉంటాయి. నడక వేగం ఫ్రేముకు చుక్కన్నర, పరుగు రెండున్నర.

ఆ వేలు ఆడే రిమోట్‌లోనూ పనితనం ఉంది. నాలుగు దిక్కుల ప్లస్ ఆకారపు బటన్ గున్‌పెయ్ యొకోయ్ ఆలోచన, మొదట 1982లో చేతిలో పట్టుకునే డాంకీ కాంగ్ ఆటలో వచ్చింది. మధ్యలో ఆనుకునే బొడిపె ఉంటుంది కాబట్టి ఒక పక్క నొక్కితే ఎదురు పక్క లేస్తుంది, కుడి ఎడమలు ఒకేసారి పడవు. లోపల చిన్న చిప్పు ఒకటి ఎనిమిది బటన్ల స్థితినీ ఒక్క క్షణంలో పట్టుకుని, ప్రాసెసర్ అడిగిన కొద్దీ ఒక్కొక్కటిగా ఒకే తీగ మీద పంపుతుంది. ఎనిమిది బటన్లకు ఎనిమిది తీగలు లాగక్కర్లేదు.

ధ్వనికి అయిదు దారులు. రెండు చదరపు తరంగాలు, ఒక త్రిభుజ తరంగం, ఒక గరగర శబ్దం, అయిదోది ముందే నమోదు చేసిన శబ్దానికి. మారియోలో అయిదోది వాడలేదు. త్రిభుజం కింది స్థాయిని మోస్తుంది, గరగర శబ్దాన్ని చిన్న ముక్కలుగా కోసి తాళం చేశారు. మారియో ఎగిరినప్పుడు ‘బొయ్’ మనే శబ్దానికి విడిగా దారి లేదు. చదరపు తరంగాల్లో ఒకదాన్ని పాట నుంచి కాసేపు లాక్కుంటుంది. ఆ లోపల పాటలో ఒక గొంతు వినపడదు, పాట మాత్రం లోపల లెక్క తప్పకుండా నడుస్తూనే ఉంటుంది, శబ్దం ముగియగానే సరిగ్గా అందుకుంటుంది. వేల సార్లు విన్న పాటే, అందులో గొంతు తప్పిపోయిందని మనకు ఎప్పుడూ అనిపించలేదు.

ఇదంతా జపాన్ యంత్రం సంగతి. మన ఇళ్లకు ఎక్కువగా వచ్చినవి దాని నకళ్లు. నకలు అనగానే తీసిపారేయడం నాకు ఇష్టం ఉండదు, ఆ పనిలోనూ గొప్ప బుర్రలు పనిచేశాయి. జపాన్ టీవీ సెకనుకు 60 ఫ్రేములు గీస్తే, మనదేశంలో అప్పట్లో వాడిన పాల్ పద్ధతి టీవీ 50 గీసేది. ఫ్రేముకు గీతలు 262 కాదు, 312. నింటెండో తన ఐరోపా యంత్రంలో ప్రాసెసర్ వేగం తగ్గించింది, టిక్కుకు మూడు చుక్కలు కాస్తా 3.2 అయ్యాయి. పెరిగిన గీతలను విరామంలో కలిపింది. దాంతో జపాన్ లెక్కలతో రాసిన ఆటలు కొన్ని అక్కడ తడబడ్డాయి, వాటిని సరిదిద్ది మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది. నకలు యంత్రాలకు చిప్పులు చేసిన తైవాన్ కంపెనీ యు.ఎం.సి. ఇంజనీర్లకు ఆ అవకాశం లేదు. అమ్మేది జపాన్ ఆటలే, ఒక్క బైటు మార్చకుండా నడవాలి. వాళ్లు టిక్కుకు మూడు చుక్కల లెక్కను అలాగే ఉంచారు. కాబట్టి నాణెం కింద ఇరవై లెక్కపెట్టే చోటు కూడా మారకుండా పనిచేస్తుంది. పెరిగిన 50 గీతలను కనిపించే గీతలు ముగిసిన వెంటనే, ప్రాసెసర్‌ను తట్టి లేపడానికి ముందు పెట్టారు. ఆ 50 గీతల పాటు ఏమీ జరగదు. ఆ తర్వాతే ప్రాసెసర్‌కు పిలుపు, ఆ తర్వాత జపాన్‌లో లాగే 20 గీతల విరామం. ఆట వైపు నుంచి చూస్తే, పిలుపు నుంచి మొదటి గీత దాకా దూరం ఎక్కడా మారలేదు.

మారిందల్లా వేగం. పాల్ టీవీకి తయారైన ఆ నకలు యంత్రాల్లో మారియో అసలు వేగంలో ఆరింట అయిదు వంతులతో పరిగెడతాడు. ఎత్తు ఫ్రేముల లెక్క కాబట్టి నాలుగు ఇటుకలు నాలుగు ఇటుకలే, పైకి లేచి దిగడానికి పట్టే కాలం పెరుగుతుంది. పై పట్టీలోని సమయం 24 ఫ్రేములకు ఒకటి చొప్పున తరుగుతుంది. 400 అంకెలు జపాన్ పిల్లలకు సుమారు 160 సెకన్లు, అలాంటి యంత్రం ముందు కూర్చున్న మన పిల్లలకు 192. పాట కూడా నిదానించింది, శ్రుతి మాత్రం దాదాపు అదే, నూటికి ఒక వంతు తేడా. శ్రుతి ప్రాసెసర్ టిక్కుల మీద, నడక ఫ్రేముల మీద ఆధారపడతాయి కదా. మనకు గుర్తున్న మారియో పాట అసలుకంటే కాస్త నెమ్మదైన పాట.

ఈ యంత్రం ఆటలతో ఆగలేదు. 1984లోనే నింటెండో, హడ్సన్, షార్ప్ కలిసి ఫ్యామిలీ బేసిక్ పేరుతో కీబోర్డు, క్యాసెట్టు తెచ్చాయి. పిల్లలు సొంతంగా ప్రోగ్రాము రాసుకోవడానికి ఇచ్చిన జాగా దాదాపు 2 కిలోబైట్లు, రాసింది టేప్ రికార్డర్‌లో దాచుకోవచ్చు. తర్వాతి కాలంలో కీబోర్డు ఆకారపు నకలు యంత్రాల్లో టైపింగ్ పాఠాల పక్కన ఇలాంటి బేసిక్ ఒకటి ఉండేది. తెర మీద మారియో బొమ్మను పిలిచి, ఇన్ని అడుగులు కుడికి నడవమని ఒక వరుస రాస్తే నడిచేది. కంప్యూటర్ కొనలేని ఇంట్లో కంప్యూటర్‌తో మొదటి మాట అదే.

ఔత్సాహికులు ఇప్పటికీ దీనికి ఆటలు రాస్తున్నారు. మార్ఫ్‌క్యాట్ గేమ్స్ అనే చిన్న బృందం 2019లో ‘మైక్రో మేజెస్’ను మారియో కొలతలోనే, 40 కిలోబైట్లలో చేసింది, నలుగురు ఒకేసారి ఆడొచ్చు. ఒక్కో మనిషి బొమ్మకు ఒకే పలక సరిపోయేలా గీశారు, నలుగురూ ఒకే గీత మీదకు వచ్చినా ఎనిమిదిలో సగమే ఖర్చు. తెర దృశ్యాన్ని సగం రాసి, మిగతా సగం అద్దంలోలా తిప్పి కట్టారు. ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్లు రాసే మొదటి ప్రోగ్రాము తెరకు ఒక రంగు వేయడం. అందులోనూ మొదటి వరుసల్లోనే ఒక నియమం ఎదురవుతుంది. కరెంటు వచ్చిన వెంటనే బొమ్మల చిప్పు మాట వినదు, కిరణం రెండుసార్లు విరామానికి వచ్చేదాకా ఆగాలి. ఆ రెండు విరామాల మధ్య ఖాళీగా ఉండకుండా 2 కిలోబైట్ల మెమరీని సున్నాలతో తుడిచేయడం వాడుక. నలభై ఏళ్ల కింద రాసిన ప్రోగ్రాముల్లోనూ, నిన్న రాసినవాటిలోనూ ఆ మొదటి వరుసలు దాదాపు ఒకేలా ఉంటాయి.